మేకపిల్లల్ని నక్కలు ఎత్తుకుపోతున్నాయి, మందు పెట్టమంటారా?

ప్రశ్న: మాది కాట్రేనికోన మండలం. 20 మేకలు, కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి. చేలగట్టు మీద పాక వేసి కడుతున్నాం. నెల రోజుల్లో 3 మేకపిల్లలు, ఒక పెట్ట పోయాయి. రాత్రిళ్లు సరుగుడు తోటలోంచి నక్కల ఊళ వినిపిస్తోంది. చచ్చిన కోడిలో గుళికల మందు పెట్టి పడేయమని పక్క రైతులు అంటున్నారు. పెట్టమంటారా?
– ఒక రైతు

జవాబు: మందు మాత్రం పెట్టకండి. ఆ కోడిని నక్కే తింటుందని ఏముంది? మీ కుక్క తినొచ్చు, గద్ద తినొచ్చు. గడ్డిలో రాలిన గుళికలు మీ మేక నోట్లోనే పడొచ్చు. వాన పడితే ఆ విషం బోదెలోకి, అక్కడి నుంచి చేపల చెరువులోకి పోతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను చంపడం నేరం, జైలుకు పంపే కేసు. పాక చుట్టూ కరెంటు తీగ లాగమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట అసలు వినకండి. చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లి అలాంటి తీగలు తగిలి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఉన్నారు.

అసలు వచ్చింది నక్కేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఊళ వినిపించినంత మాత్రాన దొంగ అదే అనుకోలేం. ఊరకుక్కలు గుంపుగా వచ్చి చేసిన పని నక్క మీద పడటం నేను చాలాసార్లు చూశాను. సాయంత్రం పాక చుట్టూ తడి మట్టి పలచగా పరిచి, తెల్లారి అడుగులు చూడండి. నక్క అడుగు కుక్క అడుగు కంటే సన్నగా, కోలగా ఉంటుంది. ముందుకాలి మధ్య రెండు వేళ్ల మెత్తలు కింది వైపు కలిసిపోయి ఉంటాయి. కుక్కకు ఆ రెండూ విడివిడిగా పడతాయి. కుక్కలైతే దొరికిన మేకనల్లా తొడల మీద, పక్కల మీద కొరికి, పెద్దగా తినకుండా వదిలేస్తాయి. నక్క ఎక్కువగా ఒక్క పిల్లనే పట్టుకుని చాటుకు లాక్కుపోతుంది. 8, 10 కిలోలుండే జంతువు అది, ఎదిగిన మేక జోలికి అంత తేలిగ్గా రాదు.

నక్కే అని తేలినా తొందరపడకండి. గట్టు మీద దాని పెంట కనిపిస్తే పుల్లతో విప్పి చూడండి. ఎలుక వెంట్రుకలు, పీత పెంకులు, రేగు గింజలు కనిపిస్తాయి. దాళ్వా వరి పొట్ట మీద ఉన్నప్పుడు దుబ్బులు కొరికేసే ఎలుకల కోసం మనం బుట్టలు పెట్టిస్తాం, ఎరలు కడతాం. ఆ ఎలుకల్ని కూలి అడగకుండా రాత్రంతా పట్టేది ఈ నక్కే. ఎదురొస్తే మంచిదని, కలిసొచ్చిన వాడిని ‘నక్క తోక తొక్కాడు’ అని మనవాళ్లు ఊరికే అనలేదనిపిస్తుంది నాకు. ఎలుకలకు మందు పెట్టినప్పుడు కూడా చచ్చిన వాటిని ఏరి పాతిపెట్టండి. వాటిని తిన్న నక్కలు, గుడ్లగూబలు కూడా చస్తాయి.

ఇక పాక సంగతి. తడికెల పాకలో పిల్లల్ని ఉంచితే ఎన్ని లైట్లు పెట్టినా లాభం లేదు, నాలుగు రోజుల్లో నక్క వాటికి అలవాటు పడిపోతుంది. చుట్టూ 6 అడుగుల ఎత్తున గట్టి ఇనుప వల కట్టించండి. వల అడుగు భాగాన్ని మరో అడుగు లోతు పాతి, చివర బయటి వైపుకు మడవండి. నక్క తవ్వుకుని వస్తుంది కాబట్టి ఈ మడత లేకపోతే ఖర్చంతా వృథా. మూడు నెలల లోపు పిల్లల్ని పొద్దుగూకక ముందే లోపల కట్టేయాలి. కోళ్లను గంప కింద వదిలేయకుండా, తలుపు ఉన్న గూట్లో పెట్టండి. గంపను నక్క మూతితోనే పడేస్తుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మేకను గానీ, మనిషిని గానీ నక్క కరిస్తే పిచ్చికుక్క కరిచినట్టే భావించాలి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు మనిషిని ఆసుపత్రికి, మేకను పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. మానిందిలే అని ఊరుకోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. పగటిపూట మనుషుల మీదికి వచ్చే నక్క, తూలుతూ నడిచే నక్క కనిపిస్తే దగ్గరికి పోకుండా అటవీశాఖ వారికి చెప్పండి. మీ పెంపుడు కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి.

చివరిగా, మేకలు ఈనినప్పుడు పడే మావిని, చచ్చిన కోళ్లను ఎక్కడ పడేస్తున్నారో మీరు రాయలేదు. చాలామంది మురుగు కాలువ గట్టున పారేస్తారు. నక్కకు దారి చూపించేది ఆ వాసనే. ఈసారి మేక ఈనిన వెంటనే పాకకు దూరంగా మూడు, నాలుగు అడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పాతేయండి. వల కట్టించేలోపు ఈ పని ఈ రోజే మొదలుపెట్టొచ్చు.