యూదుడా, ఇజ్రాయెలీనా?

సందేహం: ఒక వారపత్రికలో "18వ శతాబ్దపు ఇజ్రాయెలీ తత్వవేత్త మోజెస్ మెండెల్సన్" అని చదివాను. ఆయన జర్మనీవాడు కదా! యూదుడు, హెబ్రీయుడు, ఇజ్రాయెలీ అనే మాటల్లో ఏది ఎక్కడైనా వాడొచ్చా?

సమాధానం: మెండెల్సన్ పేరెత్తారు కాబట్టి మిమ్మల్ని అంత తేలిగ్గా వదలను. ఆయన 1729లో దెస్సావులో పుట్టి, 1786లో బెర్లిన్‌లో పోయాడు. ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది 1948లో. ఆ వ్యాసం రాసినాయన దగ్గర నిఘంటువు లేకపోతే పోనీ, కేలండరైనా ఉండాల్సింది. ఆ మాటకొస్తే, 1871 దాకా జర్మనీ అనే ఒక్క దేశమూ లేదు లెండి.

బెర్లిన్ రాజధానిగా ఉన్న ప్రష్యా రాజ్యపు సర్కారుకి మాత్రం ఈ సందేహం రాలేదు. 1763లో ఫ్రెడరిక్ రాజు ఆయనకిచ్చిన హోదా 'షుట్స్‌యూడె', అంటే రాజరక్షణలో ఉన్న యూదుడు. అదీ ఆయనొక్కడికే, పిల్లలకు వర్తించదు. అదే ఏడాది బెర్లిన్ అకాడమీ వ్యాసపోటీలో మొదటి బహుమతి ఆయనదే; రెండో స్థానం ప్రఖ్యాత తత్వవేత్త కాంట్‌ది! 1771లో అకాడమీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంటే రాజు ఒప్పుకోలేదు. ఈ పండితుడు పొట్టకోసం చేసింది పట్టు కార్ఖానాలో లెక్కల పని.

నాకు మాత్రం ఆయన తత్వం కన్నా, బైబిల్ మొదట్లోని మోషే ఐదు గ్రంథాలకు చేసిన అనువాదం మీదే మోజు. అది 1783కి పూర్తయింది. భాష చక్కటి జర్మన్, లిపి హెబ్రీ. అప్పటి యూదు పిల్లలు ఇంట్లో మాట్లాడేది జర్మన్‌కి దగ్గరి యూదు భాష యిడ్డిష్, నేర్చుకునేది హెబ్రీ అక్షరాలు. జర్మన్ లిపి చాలామందికి రాదు. అందుకే వచ్చిన అక్షరాలతోనే రాని భాష నేర్పాడు. ఫోన్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే మన కుర్రాళ్లను చూస్తే వచ్చే కోపం నాకిక్కడ రాదు. వీళ్లు ఉన్న లిపిని పోగొట్టుకుంటున్నారు, వాళ్లు ఉన్న లిపితో ఇంకో భాష సంపాదించారు. ప్రాగ్ రబ్బీ (యూదు మతగురువు) యెహెజ్కేల్ లాందావ్‌కి ఇది నచ్చలేదు. అంత గట్టి జర్మన్ నేర్చుకోవడానికే పిల్లల కాలమంతా సరిపోతే ఇక తోరా, అంటే ఆ ఐదు గ్రంథాలు, ఎప్పుడు చదువుతారన్నాడు. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఆ పుస్తకం పట్టుకునే ఎందరో లోకవిద్యల వైపు నడిచారు. ఆ ఉద్యమమే హస్కలా. బుద్ధి అనే అర్థమున్న 'సెఖెల్' నుంచి వచ్చిన మాట. అయితే మెండెల్సన్ తన ఇంటిభాష యిడ్డిష్‌ను చిన్నచూపు చూశాడు. అదొక్కటే నాకు మింగుడుపడదు.

ఇక మీ మాటలు. యాకోబు కొడుకు యూదా పేరు మీదుగా యూదుడు, స్త్రీ అయితే యూదురాలు. ఈమధ్య కొందరు రాస్తున్న 'యూదీయుడు' దండగ. హెబ్రీ భాషకీ లిపికీ సరి, మనుషులకైతే ప్రాచీనులకే. ఇశ్రాయేలీయులు బైబిల్ కాలంవాళ్లు. ఇజ్రాయెలీ అంటే నేటి దేశపు పౌరుడు, అరబ్బు కూడా కావచ్చు.

ఒక చిక్కుంది. ఫ్రాన్స్ 1791లో యూదులకు పౌరహక్కులిచ్చాక, అక్కడి చదువుకున్న యూదులు 'జుయిఫ్' అన్న మాటలో తిట్టు వినిపిస్తోందని 'ఇజ్రయెలీత్' అని చెప్పుకోసాగారు. 1860లో పారిస్‌లో పెట్టిన వాళ్ల సంఘం పేరు 'అల్లియాన్స్ ఇజ్రయెలీత్ యూనివర్సెల్'. అలాంటి రచన తెలుగు చేసేటప్పుడు ఏమనాలి? నేనైతే యూదుడనే రాస్తాను. కానీ వాళ్లు మర్యాద కోసం ఏరుకున్న పేరు కొట్టేస్తున్నానేమోనన్న అనుమానం పోలేదు. మీ పత్రిక వాక్యానికి ఆ వెసులుబాటు లేదు. 'బెర్లిన్ యూదు తత్వవేత్త' అని దిద్దుకోండి.