కోడింగ్ రాకపోతే సైబర్ సెక్యూరిటీలోకి వెళ్లకూడదా?

ప్రశ్న: మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా పాప తిరుపతిలో బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కోడింగ్ అంటే ఇష్టం లేదు. బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటే, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఫిషింగ్ మెయిల్స్ (నమ్మించి పాస్‌వర్డ్, డబ్బు కాజేసే నకిలీ మెయిల్స్), ఆన్‌లైన్ మోసాలు గుర్తుపట్టడం నేర్పే ఉద్యోగం చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? ఉన్నా బీకాం వాళ్లకు ఇస్తారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఉందండి. పెద్ద కంపెనీలు, బ్యాంకులు, ఆసుపత్రులు దీనికోసం ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటున్నాయి. సెక్యూరిటీ అవేర్‌నెస్ అంటారు. బ్యాంకులైతే సిబ్బందికి ఈ అవగాహన కల్పించాలని రిజర్వ్ బ్యాంకు 2016లోనే చెప్పింది. అంటే మీ పాప రేపు బ్యాంకులో చేరినా ఈ పని అక్కడా ఉంటుంది. కోచింగ్ మానేయమని నేను అనను, రెండూ పక్కపక్కన నడవనివ్వండి.

ఇక బీకాం సంగతి. దాన్ని మీరు లోటుగా చూస్తున్నారు, నేను బలంగా చూస్తున్నాను. 2024 మొదట్లో హాంకాంగ్‌లో ఆరప్ అనే ఇంజినీరింగ్ కంపెనీ ఉద్యోగి ఒకరు వీడియో కాల్‌లో తన పైఅధికారులను చూసి, వాళ్లు చెప్పినట్టే డబ్బు పంపేశారు. ఆ ముఖాలన్నీ కృత్రిమ మేధతో తయారు చేసినవి. పోయింది దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు. మోసపోయింది ప్రోగ్రామర్ కాదు, మీలాగే డబ్బు లెక్కలు చూసే మనిషి. మీ ఫ్యాక్టరీనే తీసుకోండి. విదేశీ కొనుగోలుదారుకు పల్ప్ డ్రమ్ములు పంపారు, డబ్బు రావాలి. సరిగ్గా ఆ సమయంలో మీ పేరుతోనే వాళ్లకు ‘మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త నంబరుకు పంపండి’ అని మెయిల్ వెళ్తే? మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, అంతే. ఇన్‌వాయిస్ ఎప్పుడు వెళ్తుందో, పేమెంట్‌కు ఎవరు సంతకం పెడతారో, నెలాఖరున అకౌంట్స్ వాళ్లు ఎంత హడావిడిలో ఉంటారో తెలిసిన అమ్మాయి ఈ మోసాన్ని చెప్పినంత బాగా కోడింగ్ మాత్రమే తెలిసినవాళ్లు చెప్పలేరు.

అయితే ఒక సంగతి మీ పాపకు ముందే తెలియాలి. ఈ శిక్షణ చాలాచోట్ల పనిచేయడం లేదు. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో ఆసుపత్రుల్లో 19,500 మందికి పైగా ఉద్యోగులకు 8 నెలలపాటు ఉత్తుత్తి ఫిషింగ్ మెయిల్స్ పంపి చూశారు. మెయిల్‌కు మోసపోగానే శిక్షణ చూపించినవాళ్లకూ, చూపించనివాళ్లకూ మోసపోవడంలో తేడా 1.7 శాతమే వచ్చింది. చాలామంది ఆ శిక్షణ పేజీని చదవకుండానే మూసేశారు. ఏడాదికోసారి వీడియో పెట్టి, టిక్కు పెట్టించుకుని పంపేస్తే ఎవరికీ ఏమీ రాదు. ఈ రంగానికి మంచి టీచర్లు కావాలని నేననేది అందుకే.

నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒక అబ్బాయి తన మొదటి ఉద్యోగం గురించి చెప్పాడు. కొరియర్ పేరుతో వచ్చిన లింకు నొక్కి, కంపెనీ పాస్‌వర్డ్ టైప్ చేసేశాడు. నొక్కిన నిమిషంలోనే అనుమానం వచ్చింది. కానీ అంతకుముందు ఇలాగే నొక్కిన ఒకామెను మేనేజర్ అందరి ముందూ తిట్టడం చూశాడు కాబట్టి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. వెంటనే చెప్పి ఉంటే పాస్‌వర్డ్ మార్చి గండం దాటించేవాళ్లు. ఆ అబ్బాయి నా ముందు కూర్చుని ఏడ్చాడు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పైగా ఇలాంటి సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి నిబంధన ఉంది. ఉద్యోగి దాచిపెడితే కంపెనీ గమనించేదెలా? కాబట్టి ఎంతమంది నొక్కారన్నదానికన్నా, ఎంతమంది వెంటనే వచ్చి చెప్పారన్నదే మంచి ట్రైనర్ లెక్కపెట్టుకోవాలి. 2020 డిసెంబరులో వెబ్‌సైట్ పేర్లు అమ్మే గోడాడీ కంపెనీ 650 డాలర్ల బోనస్ ఇస్తున్నామంటూ ఉద్యోగులకు పరీక్ష మెయిల్ పంపి, తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కరోనా కష్టకాలంలో బోనస్ ఆశ చూపి పరీక్షిస్తే, ఆ తర్వాత సెక్యూరిటీ వాళ్ల మాట ఎవరు నమ్ముతారు?

నేర్చుకోవాల్సిన సాంకేతికం కొంత ఉంది, భయపడేంత లేదు. మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో హెడర్ (మెయిల్ వెనక దాగి ఉండే ప్రయాణ వివరాలు) చూసి చెప్పగలగాలి. మెయిల్ నిజంగా ఆ పేరుగల సంస్థ నుంచే వచ్చిందా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పద్ధతులేమిటో, పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటిది అడిగే రెండు దశల లాగిన్‌ను కూడా దొంగలు ఎలా దాటుతున్నారో తెలియాలి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడ్యాక్ హైదరాబాద్, ఐఎస్ఈఏ అనే సైబర్ అవగాహన కార్యక్రమం పేరుతో ఉచితంగా అందిస్తున్న అవగాహన సామగ్రితో మొదలుపెట్టవచ్చు. గోఫిష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష మెయిల్స్ తయారు చేయడం ప్రాక్టీస్ చేయొచ్చు, కానీ సొంత మెయిల్ ఐడీల మీదే. సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా బయటివాళ్లకు ఒక్కటి కూడా పంపకూడదు. ఇంకొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసగిస్తే ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల వరకు జైలు. ‘ఊరికే టెస్ట్ చేశాను’ అని తర్వాత చెప్పుకుంటూ తిరగాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దని పాపకు గట్టిగా చెప్పండి.

చెప్పే పద్ధతి మాత్రం మన ఊరి నుంచే రావాలి. తిరుపతిలో దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయని టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. అసలు చిరునామా చివర ‘ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని ఉంటుంది. మొదట్లో తిరుమల, బాలాజీ అని ఎవరైనా రాసుకోవచ్చు, ఆ చివరి ముక్క మాత్రం ఎవరికి పడితే వారికి దొరకదు. అందుకే ‘https://’ తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/) ముందున్న చివరి భాగం చూడాలి. ఈ ఒక్క ఉదాహరణతో శ్రీసిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కార్మికుడికి కూడా అడ్రసు చదవడం పది నిమిషాల్లో నేర్పవచ్చు. తెలుగులో, తమిళంలో చెప్పగలిగేవాళ్లకు మన సరిహద్దు ప్రాంతంలో విలువ ఉంది.

డిగ్రీ కాగానే తిరుపతిలో ఇదే పేరుతో ఉద్యోగం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. మొదట ఐటీ హెల్ప్‌డెస్క్, సెక్యూరిటీ మానిటరింగ్, ఆడిట్ సపోర్ట్ లాంటి పనిలో చేరాలి. అది ఎక్కువగా చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటుంది. చిత్తూరుకు రెండూ దూరం కాదు. అక్కడ రెండేళ్లు పనిచేసి, లోపల శిక్షణ పనులు అడిగి తీసుకుంటే దారి తెరుచుకుంటుంది. వేలకు వేలు కట్టించుకుని ‘నూటికి నూరు శాతం ఉద్యోగం’ అనే ఇన్‌స్టిట్యూట్లకు మాత్రం దూరంగా ఉండండి.

మొదటి క్లాసు మీ ఫ్యాక్టరీలోనే పెట్టించండి. మీ యజమానిని అరగంట అడగండి. ఖాతా మారిందని మెయిల్ వస్తే, అందులో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర పాత ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలని, డబ్బు పోయిందనిపిస్తే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలని పాప మీ అకౌంట్స్ వాళ్లకు, డిస్పాచ్ వాళ్లకు చెప్పనివ్వండి. నెల తర్వాత వెళ్లి, ఎవరికి ఎంత గుర్తుందో అడిగి రాసుకోమనండి. ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కన్నా ఆ కాగితం బాగా పనికొస్తుంది. తోతాపురి లారీలు రావడం మొదలైతే మీ ఫ్యాక్టరీలో ఎవరికీ తీరిక ఉండదు కదా, సీజన్ మొదలయ్యేలోపే అడగండి.