రిప్ మూవ్ ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో రైట్ డిఫెన్సివ్ ఎండ్, అంటే డిఫెన్స్ వరసలో కుడి చివర నిలబడి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) మీదికి దూసుకెళ్ళేవాడు. రిప్ మూవ్ (ఎదుటివాడి చంక కిందినుంచి చెయ్యి పైకి దూర్చి దాటిపోవడం) వేసిన ప్రతిసారీ టాకిల్ (అడ్డుకునే ఎదుటి జట్టు ఆటగాడు) వాణ్ని క్వార్టర్‌బ్యాక్ వెనక్కి దాటించేస్తున్నాడు. తప్పెక్కడ?

జవాబు: చేతిలో కన్నా పాదంలో చూడండి. ఎడమ చెయ్యి టాకిల్ చంక కిందికి దూరే క్షణంలోనే ఎడమ పాదం అతని తుంటిని దాటి పడాలి, బొటనవేలు క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. వేలు నేరుగా ముందుకే ఉంటే నడుము తిరగదు. వాడి ఊపుతోనే వాణ్ని అవతలికి నెట్టేస్తాడు టాకిల్.

రెండోది తొందర. ముందు కుడిచేత్తో టాకిల్ మణికట్ల మీద కొట్టి చేతులు దించాలి, ఆ తర్వాతే రిప్. లేదంటే ఛాతీని అతని చేతుల్లో పెట్టినట్టే. పిడికిలి తొడ పక్కనుంచి చెవిదాకా లేవాలి.

బంతి పెట్టిన చోటికి 7 గజాల వెనక, క్వార్టర్‌బ్యాక్ అనుకుని ఒక కోన్ పెట్టి, సగం వేగంతో రోజూ పదిసార్లు చేయించండి. కదలాల్సింది బంతి కదలడం చూసి. క్వార్టర్‌బ్యాక్ అరుపు విని కదిలితే ఆఫ్‌సైడే (బంతి కదలకముందే గీత దాటిన తప్పు).

టాకిల్ మరీ బయటికి వాలిపోతుంటే లోపలి చేత్తో అతన్ని ఎత్తి బయటికి విసిరి, లోపలినుంచి దూరాలి. 198 శాక్‌ల (క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో ఉండగానే పడగొట్టడం) NFL డిఫెన్సివ్ ఎండ్ రెజీ వైట్‌కు పేరు తెచ్చిన హంప్ మూవ్ అదే. కానీ రిప్ కుదిరాకే అది నేర్పండి.