కుళాయికి మోటారు బిగించకు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

శ్రీకాకుళంలో తాతయ్య ఇల్లు నువ్వే దగ్గరుండి బాగు చేయించుకుంటున్నావని మీ అమ్మ చెబితే గుండె నిండిపోయింది. కుళాయి సన్నంగా వస్తోందని ఆదివారం ఒక హెచ్‌పీ మోటారు తెచ్చి వీధి పైపుకే తగిలిస్తావన్న మాట కూడా ఆ వెనకే చెప్పింది. ఆ మోటారు కొనకు తల్లీ. ముందు నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చూడు.

నీళ్లొచ్చే వేళ మిగతా కుళాయిలన్నీ కట్టేసి, గేటు దగ్గర కుళాయికి తాపీమేస్త్రులు లెవెల్ చూసే తెల్ల గొట్టం క్లిప్పుతో బిగించు. రెండో కొస గోడ వెంబడి పైకెత్తు. నీరు ఏ ఎత్తున నిలిచిపోతే అదే నీ ప్రెషరు. 10 మీటర్ల ఎత్తు అంటే సుమారు ఒక బార్ ప్రెషరు. తర్వాత గొట్టం తీసేసి 15 లీటర్ల బకెట్టు పెట్టి గడియారం చూడు. గొట్టంలో నీరు మేడ దాకా ఎక్కి, బకెట్టు నిండడానికి మాత్రం నాలుగు నిమిషాలు పడితే పైపు పూడిపోయిందన్నమాట. గొట్టంలోనే నడుం ఎత్తు దాటకపోతే, పైపులు ఎన్ని మార్చినా నీళ్లు మేడెక్కవు. రెండూ వేరే జబ్బులు, మందులూ వేరే.

గేటు దగ్గర నిమిషంలో నిండిన బకెట్టు వంటింట్లో మూడు నిమిషాలు తీసుకుంటే లోపం ఇంట్లోనే. పక్కింటికి బాగా వచ్చి నీకు గేటు దగ్గరే సన్నగిల్లితే ఫెర్రూల్, అంటే వీధి పైపుకి మన పైపుని కలిపే ముక్క, పూడి ఉంటుంది, లేదా రోడ్డు కింద పైపు. దానికి మునిసిపాలిటీలో అర్జీ పెట్టు, నువ్వు గడ్డపార పట్టుకోకు.

కుళాయి మూతి జాలీ విప్పి బ్రష్‌తో రుద్దు. పాత గేట్ వాల్వులో బిళ్ల ఊడి కిందపడి ఉంటే పిడి ఎంత తిప్పినా తెరుచుకోదు. తీసేసి బాల్ వాల్వ్ పెట్టించు. అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్క ఒకటి కోయించి వెలుగుకి పట్టి చూడు. లోపల తుప్పు బుడిపెలు కట్టి పెన్సిలు దూరేంత సందే మిగిలి ఉంటే, గేటు నుంచి కొత్తగా ముప్పావంగుళం పైపు వేయించు. అదే ప్రెషరుకి నీరు రెండింతల పైనే వస్తుంది. ఎల్బోలు, అంటే మలుపు ముక్కలు, తగ్గించు.

ఇక మోటారు. వసారా గోడకి నాలుగు బోల్టు కన్నాలు చూశావా? తాతయ్య కూడా ఈ తప్పే చేశారు. వీధి పైపుకి మోటారు పెడితే అది నీళ్లని తోయదు, లాగుతుంది. లాగినప్పుడు పైపులో ఒత్తిడి బయటి గాలి కన్నా తగ్గిపోతుంది. మన వీధుల్లో పైపు కాలువ పక్కనే పోతుంది కదా, నీళ్లు కట్టేశాక లీకులున్న చోట మురుగు చుట్టూ చేరి కూర్చుంటుంది. మోటారు ఆన్ చెయ్యగానే ఆ జాయింట్ల గుండా మురుగే లోపలికి వస్తుంది, నీ బిందెలోకీ పక్కింటి పసిపిల్లల బిందెలోకీ. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో నీళ్లు చెడి వచ్చిన అతిసారం ఎన్ని ఇళ్లను ఏడిపించిందో మర్చిపోయావా? పైగా నీ మోటారు లాగేస్తే పక్కింటి కుళాయి ఎండిపోతుంది, వాళ్లూ మోటారు కొంటారు, నీకు మళ్లీ సన్నధారే. నీళ్లు రానప్పుడు తిరిగితే దాని సీలు కాలిపోతుంది. చదువుకున్నదానివి, ఇది నీకు తట్టలేదా!

కోప్పడ్డాననుకోకు, నా భయం అలాంటిది.

నేల మీద 1000 లీటర్ల ట్యాంకు పెట్టించు. నలుగురికి తలకి 135 లీటర్ల లెక్కన రోజుకి 540, అంటే దాదాపు రెండు రోజులకి సరి. గొట్టంలో నీరు ట్యాంకు మూతి ఎత్తుకి రాకపోతే భూమిలో సంపు కట్టించు: సెప్టిక్ ట్యాంకుకి దూరంగా, మూత అంచు నేలకి జానెడు ఎత్తున, వాన నీరు పారకుండా. కుళాయి పైపు నిండు మట్టానికి నాలుగు వేళ్ల పైనే ఆగాలి, నీళ్లలో మునగకూడదు. నిండగానే నీళ్లు తనంతట కట్టేసే ఫ్లోట్ వాల్వ్ పెట్టించు. అక్కడి నుంచి మేడకి అర హెచ్‌పీ మోటారు చాలు. దానికి ఎర్తింగ్, షాక్ కొట్టబోతే కరెంటు కట్టేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ఇంకొకటి. ట్యాంకుకి ముందు, గేటు దగ్గర ఒక కుళాయి మోటారుతో పనిలేకుండా వదిలిపెట్టు. 2014లో హుద్‌హుద్‌కీ, 2018లో తిత్లీ తుపానుకీ కరెంటు పోయి జనం ఎంత అల్లాడారో గుర్తుందిగా. వీధిలో నీళ్లు వదిలితే కరెంటు లేకపోయినా నీకు బిందెడు దొరకాలి.

ఆదివారం గొట్టం ఎత్తి చూసి, ఎన్ని అడుగుల దగ్గర నీరు ఆగిందో ఫోన్ చెయ్యి. ఏ పైపు కొనాలో అప్పుడు చెబుతాను.

మీ పెదనాన్న