చలికాలం, చిన్న బడి పిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. చల్లగాలికి జలుబు చేస్తుందని మా అత్తగారు బయట ఆడుకోనివ్వడం లేదు. ఇంట్లోనే ఉంచినా నెలలో రెండుసార్లు రొంప పట్టింది. ఎందుకిలా?
– ఒక తల్లి

జవాబు: జలుబు రావాలంటే వైరస్ ఉండాలి. చలి ఒక్కటే జలుబును పుట్టించలేదు. అలాగని మీ అత్తగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. చల్లని పొడిగాలికి ముక్కు లోపలి పొర ఆరిపోతుంది, వైరస్‌ను అడ్డుకునే శక్తి అక్కడ కొంత తగ్గుతుంది. కానీ ఆ వైరస్ పిల్లాడికి అంటుకునేది ఎక్కువగా తలుపులు, కిటికీలు బిగించిన గదిలోనే. ఒకరు వదిలిన గాలినే పదిమందీ పీలుస్తారు, తుమ్మిన చేతులతో పట్టుకున్న బొమ్మలనే అందరూ పట్టుకుంటారు. బయట గాలి కదులుతూ ఉంటుంది కాబట్టి ఆ ముప్పు తక్కువ. ఈ వయసులో ఏడాదికి అయిదారుసార్లు జలుబు చేయడం మామూలే, దిగులు పడకండి.

అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టిగా ఆయాసం వచ్చే ఆటలు, ఎముకలకు బలమిచ్చే గెంతులు ఉండాలి. చలికాలమని ఇందులో మినహాయింపేమీ లేదు.

చూసుకోవాల్సింది వేళ. పొగమంచు పట్టిన తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లబడి అక్కడే నిలిచిపోతుంది, పొగ, దుమ్ము అందులోనే చిక్కుకుంటాయి. ఎండెక్కి నేల వేడెక్కాక గాలి పైకి లేచి అవి చెదిరిపోతాయి. అందుకే పొద్దున్నే పరుగులు పెట్టించకండి. మంచు విడిపోయాక గానీ, బడి వదలగానే వెలుతురు ఉండగా గానీ ఆడనివ్వండి. ఇంటికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్ది కడిగించండి. గది కిటికీలు రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు బార్లా తెరిచి ఉంచండి.

ప్రశ్న: స్వెటర్ మీద స్వెటర్ వేసి పంపినా పాప ఆట నుంచి వణుకుతూ వస్తోంది. ఇంకేం వేయాలి?

జవాబు: ఇంకొకటి వేయకండి, ఒకటి తీసేయండి. పాప వణుకుతున్నది చెమట తడి వల్ల. బరువైన బట్టల్లో పరుగెత్తితే పది నిమిషాల్లో లోపలి బనియన్ తడుస్తుంది. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఆడుతున్నంతసేపూ తెలియదు గానీ, ఆగిన మరుక్షణం వణుకు మొదలవుతుంది.

లోపల ఒంటికి అంటుకుని ఉండే పలుచని పొర, మధ్యలో ఉన్ని లేదా ఫ్లీస్ (నూగులాంటి మెత్తని బట్ట), పైన గాలిని ఆపే పలుచని జాకెట్ వేయండి. గాలి లేని రోజు పైది అక్కర్లేదు. లోపలి పొరకు నూలు బనియన్ పనికిరాదు, తడిని పట్టేసుకుని ఆరదు. త్వరగా ఆరే ఆటల బట్ట గానీ, సన్నని ఉన్ని గానీ మేలు. వేరేది లేకపోతే నూలుదే వేసి, ఆట అవగానే మార్చడానికి ఇంకో బనియన్ సంచిలో పెట్టండి.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే సరే. తడిగా తగిలితే ఒక పొర ఎక్కువైంది, చల్లగా ఉంటే తక్కువైంది. చేతులు, ముక్కు ముట్టుకుని నిర్ణయించకండి, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. ఆట మొదట్లో అయిదు నిమిషాలు కాస్త చలి అనిపిస్తే బట్టలు సరిగ్గా సరిపోయినట్టే.

బూట్లు బిగుతుగా ఉండగా రెండు జతల మేజోళ్లు తొడిగితే రక్తం సరిగా పారక పాదాలు మరింత చల్లబడతాయి. మఫ్లర్ కొసలు వేలాడుతుంటే జారుడుబల్లకో ఊయలకో చిక్కుకుని మెడకు ఉరి పడవచ్చు, టోపీ తాళ్లూ అంతే. మఫ్లర్ బదులు మెడకు గొట్టంలా తొడిగేది వాడండి, తాళ్లు తీసేయండి. ఇందులో మాత్రం రాజీ పడకండి.

మంచు కురిసేచోట వేళ్ల కొసలు పాలిపోయి, మొద్దుబారితే వెంటనే లోపలికి తీసుకురండి. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, రంగూ స్పర్శా తిరిగి రాకపోతే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మూడో తరగతిలో 35 మంది పిల్లలు. మైదానంలోకి వెళ్లలేని రోజుల్లో గదిలోనే 15 నిమిషాలు ఏం చేయించవచ్చు?
– ఒక టీచర్

జవాబు: బెంచీలు గోడ వారకు జరిపి, ఎదురెదురు కిటికీలు రెండు తెరవండి. చేతులు చాస్తే పక్కవారికి తగలనంత ఎడం ఉండాలి. మొదటి మూడు నిమిషాలు నిలబడిన చోటే నడక, భుజాలు తిప్పడం. తర్వాత ఒక్కో కదలిక 40 సెకన్లు చేయించి 20 సెకన్లు ఆపండి: మోకాళ్లు నడుము దాకా లేపుతూ పరుగు, కుర్చీలో కూర్చున్నట్టు వంగి లేవడం, చేతులూ కాళ్లూ చాపుతూ గెంతడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకు వంచి వెనక్కి నెట్టడం, ఒంటికాలిపై నిలబడటం, మళ్లీ పరుగు. ఆరింటికి ఆరు నిమిషాలు, రెండుసార్లు చేస్తే పన్నెండు. కింద వేరే తరగతి ఉంటే గెంతుల బదులు గుంజీలు పెట్టించండి.

సరిపడా కష్టపడుతున్నారో లేదో మాటను బట్టి చెప్పవచ్చు. మాట్లాడగలిగినా పాట పాడలేకపోతే మధ్యస్థంగా చేస్తున్నట్టు. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టిగా చేస్తున్నట్టు.

కుర్చీలాట లాంటివి ఇక్కడ పెట్టకండి. ముందుగా అవుటయ్యేది సాధారణంగా కదలిక తక్కువున్న పిల్లలే. కదలాల్సిన వాళ్లే ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి, నున్నటి నేల మీద మేజోళ్లతో గెంతనివ్వకండి, జారిపడతారు. బూట్లైనా ఉండాలి, ఉత్త కాళ్లైనా ఉండాలి.

ప్రశ్న: మనవరాలికి తొమ్మిదేళ్లు. చలిలో పరుగెత్తి ఆగాక దగ్గు మొదలై అరగంట దాకా తగ్గదు, ఒక్కోసారి పిల్లికూతలు. ఆటలు మాన్పించాలా?
– ఒక తాతయ్య

జవాబు: మాన్పించకండి తాతయ్యగారూ, ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. మీరు రాసిన తీరు ఉబ్బసాన్ని తలపిస్తోంది. పరుగులో నోటితో గాలి పీలుస్తాం, ఆ చల్లని పొడిగాలి ముక్కులో వేడెక్కి తేమ పట్టకుండానే నేరుగా లోపలికి పోతుంది. శ్వాసనాళాలు ఆరిపోయి బిగుసుకుంటాయి. ఆట ఆగిన అయిదు, పది నిమిషాల్లో దగ్గు రావడం అందుకే. ఎంతసేపు ఆడాక వచ్చింది, ఎంతసేపు ఉంది, రాత్రి కూడా దగ్గుతోందా అన్నవి వారం రోజులు రాసి డాక్టరుకు చూపిస్తే ఆయన పని తేలికవుతుంది.

డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే, ఆయన చెప్పిన మోతాదు సాధారణంగా ఆటకు 15 నిమిషాల ముందు తీసుకోమంటారు. ఈ వయసులో స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య తగిలించే గొట్టం) పెట్టి పీల్చాలి, లేకపోతే మందు చాలావరకు గొంతులోనే ఉండిపోతుంది. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాలి: అర నిమిషం మెల్లని పరుగు, ఒక నిమిషం నడక, మార్చి మార్చి. ముక్కు, నోరు పలుచని బట్టతో కప్పండి, తడిస్తే మార్చండి. ఆపకుండా చేసే పరుగుల కంటే మధ్యమధ్య ఆగే తొక్కుడుబిళ్ల, బంతాటలు తేలిక. ఇన్‌హేలర్ బడి ఆఫీసు బీరువాలో కాక పాపకు అందే చోట ఉండాలి, వాడటం టీచరుకు కూడా తెలియాలి.

ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోయినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. దారిలో పాపను పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి.

ప్రశ్న: జలుబు ఉన్నప్పుడు ఆడవచ్చా?

జవాబు: ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే మెల్లగా ఆడనివ్వండి. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే వద్దు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి పంపండి, మొదటి రెండు రోజులు సగం ఆటతో సరిపెట్టండి. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు, అడిగి రాయించుకోకండి.

ప్రశ్న: స్కిప్పింగ్ తాడు కాళ్లకు తట్టుకుంటోందని పాప మానేసింది. తాడు ఎంత పొడవుండాలి?

జవాబు: తాడు మధ్యలో ఒక పాదం పెట్టి పిడులను పైకి లాగితే అవి చంకల దాకా రావాలి. అంతకంటే పొడవైతే నేల మీద కుప్పపడి కాలికి చుట్టుకుంటుంది, పొట్టిదైతే మడమకు తగులుతుంది. మొదటి వారం తాడు లేకుండా మణికట్టు తిప్పుతూ గెంతడం నేర్పండి. ఆ తర్వాత 20 గెంతులు, అర నిమిషం విశ్రాంతి, అయిదుసార్లు.

ప్రశ్న: చలికి నీళ్లు తాగనంటున్నాడు. ఎన్ని తాగాలి?

జవాబు: చలిలో దాహం తెలియదు, కానీ ఊపిరితోనూ చెమటతోనూ నీరు పోతూనే ఉంటుంది. ఎనిమిదేళ్ల దాకా రోజుకు సుమారు లీటరు, ఆపైన లీటరున్నర. గోరువెచ్చగా ఇవ్వండి, ఆటకు ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలలేదని అర్థం.