వార్షికోత్సవంలో పూజకు కూర్చోకపోతే డ్యాన్సులోంచి తీసేస్తారా?

ప్రశ్న: మేం క్రైస్తవులం. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. వార్షికోత్సవం రోజు స్టేజీ మీద సరస్వతీ పూజ ఉంటుందట. పిల్లలందరూ శ్లోకం చెప్పి హారతి తీసుకోవాలని, లేకపోతే డ్యాన్సులోంచి పేరు తీసేస్తామని ఒక మాస్టారు అన్నారు. "చదువుల తల్లేగా, తప్పేముంది?" అంటున్నారు. మాకు గొడవలు ఇష్టం లేదు. చట్టం ఏమంటోంది?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: పాపను బలవంతంగా పూజలో కూర్చోబెట్టే అధికారం ఆ మాస్టారికి లేదు. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో నిధులో ఉన్న విద్యాసంస్థలో మతారాధనకు హాజరు కావాలని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండి తీరాలి. అంటే మీరు వెళ్లి బతిమాలుకోనక్కర్లేదు, మీ సమ్మతి అడగాల్సింది బడివాళ్లే. రేపు అదే బడిలో సెమీ క్రిస్మస్ పెట్టి హిందూ పిల్లల్ని మోకరిల్లమన్నా నేను చెప్పేది ఇదే.

ఇక "తప్పేముంది" అన్న మాట. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి పంపేశారు. గీతంలో ఏ మతాన్నీ నొప్పించే మాట లేదు కదా అని హైకోర్టు వాళ్ల పిటిషన్ కొట్టేసింది. సుప్రీంకోర్టు 1986లో దాన్ని తిరగరాసింది. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పాటలో ఏముందన్నది అసలు ప్రశ్నే కాదు, ఆ పిల్లల విశ్వాసం నిజాయతీగా ఉన్నదా లేదా అన్నదే చూడాలన్నారు. పిల్లల్ని తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. జాతీయగీతం విషయంలోనే అలా అన్నప్పుడు శ్లోకానికి ఇంకో లెక్క ఉంటుందా? పాపకు మాత్రం ఒకటి చెప్పండి: పూజ జరుగుతుంటే నవ్వడం, గోల చేయడం వద్దు. ఆ కేసులో పిల్లల మర్యాదను కోర్టు ప్రత్యేకంగా గుర్తించింది.

పూజనే ఆపించవచ్చా అంటే, అక్కడ చట్టం ఇంత సూటిగా లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన కుదరదని 28(1) చెబుతుంది. కానీ ఏది మతబోధన, ఏది సంస్కృతి అన్న దగ్గరే పేచీ. కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం చేయించే ప్రార్థనను సవాలు చేసిన కేసును సుప్రీంకోర్టు 2019లో పెద్ద ధర్మాసనానికి నివేదించింది కూడా. మీ సమస్యకు అంత దూరం పోనక్కర్లేదు.

డ్యాన్సు సంగతి వేరు. పూజకు రాలేదని పేరు తీసేస్తే అది శిక్షే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తోంది.

హెడ్మాస్టరుకు చిన్న ఉత్తరం రాయండి: మా పాప డ్యాన్సులో పాల్గొంటుంది, పూజలో పాల్గొనదు, పూజలో కూర్చోబెట్టడానికి మా సమ్మతి లేదు అని. రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉంటారు, వాళ్ల చెవిన వేయండి. చాలాసార్లు విషయం అక్కడే సర్దుకుంటుంది. అప్పటికీ వినకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈవో), బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణ కింద రిట్ (హక్కుల కోసం వేసే పిటిషన్) ఆఖరి దారి. సంతకం పెట్టిన ఆ కాపీ అప్పుడూ పనికొస్తుంది, జాగ్రత్తగా దాచుకోండి.