పులి పక్కన కెమెరామ్యాన్ ఎలా బతికి బయటపడతాడు?

పోయిన నెల అడవి వీడియోల గురించి రెండు ముక్కలు రాశాను, దానికే ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేశాను, కొన్ని కాస్త కత్తిరించాను, ఏమనుకోకండి.

టీవీలో పులి దుప్పిని తరుముతుంటే కెమెరా పక్కనే పరిగెడుతున్నట్టు ఉంటుంది. పులి ఆ కెమెరామ్యాన్ జోలికి ఎందుకు రాదండీ? – పదో తరగతి విద్యార్థిని, కావలి

పక్కన ఉండడమ్మా, ఉన్నట్టు కనిపిస్తాడంతే. వాళ్లు ఎక్కువగా వాడే, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే క్యానన్ 50-1000 ఎంఎం లెన్స్ ఒకటుంది, లెన్స్ ఒక్కటే ఆరున్నర కిలోలు పైన, దాన్ని జీపులో స్టాండ్‌కి బిగించుకుని ఎక్కడో దూరంగా కూర్చుని తీస్తారు, పులి మొహం మీద మీసం కూడా లెక్కపెట్టొచ్చు. ఇంకా పెద్ద ప్రోగ్రాములకైతే హెలికాప్టర్ కింద వణుకు లేకుండా నిలబడే కెమెరా తగిలిస్తారు, 2006లో వచ్చిన బీబీసీ సిరీస్ 'ప్లానెట్ ఎర్త్'లో ఆఫ్రికా అడవి కుక్కల వేట అట్లా పైనుంచే తీశారు, కింద కుక్కలు వాటి పని అవి చూసుకున్నాయి.

అసలు కష్టం పులితో కాదు, పులి ఎక్కడుందో తెలియకపోవడంతో. మన నల్లమలలో చెట్టు మీద కొండముచ్చు ఒకే దిక్కుకి చూస్తూ ఖర్ర్ ఖర్ర్‌మని దగ్గినట్టు అరుస్తోందా, కింద దుప్పులు తోక పైకెత్తి ముందరి కాలు నేలకేసి కొడుతున్నాయా, అప్పుడు కెమెరా ఆన్ చేయాలి. నెమలి అరుపు ఒక్కటే విని పరిగెత్తితే లాభం లేదు, అది ప్రతిదానికీ అరుస్తుంది. ఇదంతా లెన్స్ కొంటే రాదు, అక్కడి చెంచువాళ్లు చెబితేనే తెలుస్తుంది.

మా అల్లుడు అదంతా బోగస్, జూలోనూ స్టూడియోలోనూ తీస్తారని వాదిస్తాడు. నేను నమ్మను. ఎవరు కరెక్ట్? – రిటైర్డ్ టీచర్, ఖమ్మం

మాస్టారూ, మీ అల్లుడుగారు కొంచెం కరెక్టే, కానీ అన్నీ ఒక గాటన కట్టేస్తున్నారు.

ముందు సౌండ్ సంగతి. అంత దూరం నుంచి లెన్స్‌కి బొమ్మ దొరుకుతుంది గానీ కాలి చప్పుడు దొరకదు కదా, అందుకే మంచులో నడిచే చప్పుడు, పొద రాసుకునే చప్పుడు చాలావరకు స్టూడియోలో చేస్తారు. మంచు మీద అడుగు చప్పుడంటే సంచిలో కార్న్‌ఫ్లోర్ పోసి నొక్కడమే. ఇది నాకైతే తప్పనిపించదు.

తర్వాత ఎడిటింగ్. 2016 'ప్లానెట్ ఎర్త్ 2'లో గాలాపగోస్ దీవుల్లో చిన్న ఇగ్వానా పిల్ల పాముల గుంపు నుంచి తప్పించుకునే సీను ప్రపంచమంతా చూసింది. అది ఒకే పిల్ల కాదు, వేరే వేరే పిల్లల షాట్లు కలిపామని తీసినవాళ్లే తర్వాత చెప్పారు. పాములు నిజం, పరుగు నిజం, కథలో హీరో మాత్రం ఎడిటింగ్ టేబుల్ మీద పుట్టాడు.

జూ సంగతి 2011 'ఫ్రోజెన్ ప్లానెట్'ది. ధ్రువపు ఎలుగుబంటి పిల్లలు పుట్టే సీను నెదర్లాండ్స్‌లో ఒక జంతు పార్కులో తీశారు, అది బయటికొచ్చాక పెద్ద గొడవైంది. బయట మంచు గుహలో కెమెరా పెడితే తల్లి పిల్లనైనా చంపేస్తుంది, కెమెరామ్యాన్‌నైనా చంపేస్తుంది అని దానికి కామెంటరీ చెప్పిన డేవిడ్ అటెన్‌బరో సమర్థించుకున్నాడు. ఆయన మాట సబబే, కానీ ఆ ముక్క సీను నడుస్తున్నప్పుడే చెప్పుంటే గొడవే ఉండేది కాదని నా అభిప్రాయం.

మీ అల్లుడుగారికి అసలైన ఆయుధం నేనిస్తా. 1958లో డిస్నీ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్'లో లెమ్మింగ్ అనే ఎలుకలాంటి జంతువులు గుంపుగా కొండ మీంచి దూకి చచ్చిపోతాయి. కెనడాలో అవి అసలు ఉండని చోటికి కొని తెచ్చి, తిరిగే బల్ల మీద తిప్పి పరుగెత్తిస్తున్నట్టు తీసి, చివరికి నీళ్లలోకి తోసేశారని 1980ల్లో అక్కడి టీవీవాళ్లు బయటపెట్టారు. దానికి ఆస్కార్ కూడా ఇచ్చారండీ! లెమ్మింగ్‌లు సామూహికంగా ఆత్మహత్య చేసుకుంటాయని ఇప్పటికీ జనం నమ్ముతున్నారంటే దాని పుణ్యం చాలా ఉంది. నేను గీత గీసేది ఇక్కడ. షాట్లు అతికించినా జంతువు నిజంగా చేసే పనే చూపిస్తే సరే, చేయని పని దానిచేత చేయిస్తే అది మోసం.

అన్నా, నా దగ్గర డ్రోన్ ఉంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి ఆగి పులి వీడియో తీస్తే యూట్యూబ్‌లో వ్యూస్ మామూలుగా రావు, పర్మిషన్ కావాలా? – డిగ్రీ కుర్రాడు, కర్నూలు

ఆ పనే వద్దు తమ్ముడూ. అది టైగర్ రిజర్వ్, 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద ఫొటోలకైనా, సినిమాకైనా లోపలికి వెళ్లాలంటే అనుమతి ఉండాలి, డాక్యుమెంటరీ అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి అప్లికేషన్, ఫీజులు అన్నీ వేరే. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసే. సరదాగా అయితే హైదరాబాద్-శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ దాటాక ఫరహాబాద్ సఫారీ ఉంది, టికెట్ కొనుక్కుని ఫోన్‌తో తీసుకో.

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల్ని తీస్తుంటే పిల్ల ఒకటి గూట్లోంచి పడింది. నేను తీస్తూ ఉండాలా, సాయం చేయాలా? అప్పట్నుంచీ మనసు బాలేదు. – గృహిణి, నాయుడుపేట

అమ్మా, దీనికి ఒక్కటే రూలు అంటూ లేదు. 2018లో వచ్చిన బీబీసీ సిరీస్ 'డైనాస్టీస్' తీసేటప్పుడు అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్లు పిల్లలతో సహా మంచు గుంటలో ఇరుక్కుపోయాయి. జోక్యం చేసుకోకూడదన్నది ఆ టీము పెట్టుకున్న నియమం, అయినా చివరికి పారలతో మంచులో మెట్లలా ఒక ఏటవాలు దారి తవ్వి పక్కకి తప్పుకున్నారు, ఏ పక్షినీ ముట్టుకోలేదు, వాటంతట అవే ఎక్కి వచ్చాయి. నాకు అది బాగా నచ్చింది. అదే ఏ గద్దో వచ్చి పిల్లని ఎత్తుకుపోతుంటే అడ్డం పడకూడదు, గద్దకీ గూట్లో పిల్లలుంటాయి. మీరు చూసిన పిల్ల విషయంలో అక్కడున్న అటవీ సిబ్బందికి చెబితే చాలు, నీళ్లలోకి దిగితే మిగతా గూళ్ల పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోతాయి.

దీనికంటే నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. గూడు క్లియర్‌గా కనపడ్డానికి అడ్డున్న కొమ్మలు నరుకుతారు చూడండి, ఆ నీడ పోయాక ఈకలు రాని పిల్లలు ఎండకి మాడిపోతాయి, కాకికి కూడా దారి దొరుకుతుంది, ఈలోపు మనవాడు ఫొటో పెట్టి లైకులు లెక్కపెట్టుకుంటుంటాడు.

ఇన్ని లక్షలు పోసి తీసే ఈ సినిమాల వల్ల ఒక్క జంతువైనా బతికిందా? – విశాఖపట్నం నుంచి

బతికింది సార్. గుజరాత్ తీరంలో వేల్ షార్క్‌ల వేట మీద మైక్ పాండే 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' తీసింది 2000లో, 2001కల్లా కేంద్రం ఆ చేపని వన్యప్రాణి చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే షెడ్యూల్ 1 జాబితాలో పెట్టింది. అదే చేప 2021 డిసెంబర్‌లో మీ వైపు తంతడి బీచ్‌లో ఒడ్డుకి కొట్టుకొస్తే మన మత్స్యకారులు కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు.

మా శనక్కాయ చేలోకి రాత్రుళ్లు ఏదో వస్తోంది. అడవిలో చెట్లకి కట్టే కెమెరా కొనుక్కొచ్చాను, రోజుకి వందల వీడియోలు పడుతున్నాయి, ఒక్కదాంట్లోనూ జంతువు లేదు. – రైతు, మార్కాపురం దగ్గర

కెమెరా ముందు గడ్డి ఉంది కదా? ఆ డబ్బాలో సెన్సర్ కదిలే వేడిని పసిగడుతుంది, ఎండకి కాగిన ఆకులు గాలికి ఊగితే జంతువే అనుకుంటుంది. ముందు గడ్డి కొడవలితో కోసేయండి, మోకాలెత్తులో కట్టండి, తూర్పు పడమరలకి కాకుండా ఉత్తరం వైపు తిప్పండి. జంతువు నడిచే దారికి అడ్డంగా కాకుండా కాస్త ఏటవాలుగా పెడితే, తల వచ్చేసరికే ఆన్ అయ్యి తోకదాకా దొరుకుతుంది. మే నెల మధ్యాహ్నాల్లో గాలి వేడీ ఒంటి వేడీ ఒకటైపోయి సెన్సర్‌కి తేడా తెలీదు, దాన్ని తిట్టుకోకండి. రాత్రి బొమ్మ కోసం ఆ డబ్బాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైటు 850 నానోమీటర్ల రకమైతే చీకట్లో చిన్న ఎర్ర మెరుపు కనిపిస్తుంది, అదే 940 రకమైతే కనిపించదు కానీ బొమ్మ కొంచెం మసగ్గా వస్తుంది.

నా అంచనాకి అడవి పందులే. అలాగని కరెంటు తీగ మాత్రం పెట్టకండి, నేరం సంగతి అటుంచి పొద్దున్నే నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి పోతాడు. ఒకవేళ క్లిప్‌లో చిరుత కనబడిందా, ముందు రేంజ్ ఆఫీసులో చూపించండి, ఊరి గ్రూపులో పెట్టారో జనమంతా కర్రలు పట్టుకుని మీ చేలోనే దిగుతారు, ఇక శనక్కాయ పందులు తినక్కర్లేదు.